ఈశాన్యం మూల సిగ్నల్

జగన్మోహన్ మూడు కొటేషన్లు లేకుండా జీవితంలో ఏదీ కొని ఎరగడు. ఒక సర్కారు ఆఫీసు స్టోర్స్ విభాగంలో గుండుసూదుల దగ్గర్నుంచి జనరేటర్ల దాకా కొనిపెట్టి రిటైరైన మనిషి. ఏ వస్తువైనా సరే మూడు చోట్ల ధర అడగాలి, మూడింటినీ పక్కపక్కన రాయాలి, ఎవరికి ఎందుకు ఇస్తున్నామో కింద రెండు ముక్కలు రాసి సంతకం చెయ్యాలి. ఆ పద్ధతి ఆయన చేతికి పట్టి, చేతి నుంచి ఒంటికి పట్టి, రిటైరైన నాడు శాలువాతో పాటు ఇంటికొచ్చింది. చిక్కడపల్లి మార్కెట్‌లో దొండకాయలు కొనాలన్నా మూడు బండ్ల దగ్గర ఆగాల్సిందే. మూడో బండి దగ్గర బేరం తేలేసరికి మొదటి బండిలో కాయలు అయిపోయేవి. పెళ్ళికి కూడా మూడు సంబంధాలు చూశాకే సరే అన్నాడు. "నేను మూడో కొటేషన్ని" అని ఆయన భార్య ప్రభావతి చుట్టాల్లో చెప్పి నవ్వించేది. ఆయన రిటైరయ్యాక ఆ మాట చెప్పడం మానేసింది.

ఆయనకు ఆఫీసు పోయింది గానీ ఆఫీసు పని పోలేదు. పొద్దున లేచింది మొదలు వంటింట్లో స్టూలు వేసుకొని కూర్చునేవాడు. పప్పుకు మూడు విజిల్సే ఎందుకు, నాలుగు ఎందుకు కాదు? ఈ సబ్బు ఎందుకు, ఆ సబ్బుకు ఏమొచ్చింది? ఆమె ఉల్లిగడ్డ కోస్తుంటే కత్తిపీటకూ చాకుకూ ఉన్న లాభనష్టాలు చెప్పేవాడు. చెడ్డవాడా అంటే కాదు. చెడ్డవాడైతే ప్రభావతి హాయిగా నాలుగు తిట్టి ఊరుకునేది. ప్రేమగా వెంట తిరిగే మనిషిని ఏమని తిడుతుంది? ఆ రెండు పడగ్గదుల ఇంట్లో ఆమె ఏ గదిలోకి పోయినా ఆయన అక్కడ ముందే ఉండేవాడు, లేదంటే వెనకాలే వచ్చేవాడు. ఆమెకు ఊపిరాడేది కాదు. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. మొగుడు ఇంటిపట్టునే ఉంటున్నాడని ఏడిస్తే వినేవాళ్ళు నవ్వుతారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే పక్కనున్న పెంకుటిల్లు పడగొట్టి హాస్టల్ కట్టడం మొదలుపెట్టారు. సర్కారు కొలువుల పరీక్షలకు చదివే పిల్లలు అశోక్‌నగర్‌లో పట్టక, హాస్టళ్ళు సందు తర్వాత సందు దాటుకుంటూ చిక్కడపల్లి దాకా వచ్చేశాయి. అక్కడ ఒక్కో శ్లాబు పడుతుంటే ఇక్కడ ప్రభావతి ఫోన్‌లో ఒక్కో సిగ్నల్ గీత పోయింది. నాలుగో శ్లాబుకు గీతలన్నీ అయిపోయాయి. ఆ తర్వాత పిల్లలు దిగారు. వంద మంది ఒకేసారి ఫోన్లలో రాజ్యాంగం పాఠం పెట్టుకొని కూర్చుంటే, కాచిగూడ నుంచి ప్రభావతి అక్క చేసే ఫోన్‌కు గాలిలో చోటెక్కడిది?

ప్రభావతిది తరంగ్ కంపెనీ సిమ్. జగన్మోహన్‌ది సేతు. ఆయన ఫోన్‌కు ఆ ఇంట్లో ఏ మూల నిలబడ్డా గీతలు నిండుగా ఉండేవి. ఆమె ఫోన్ మాత్రం కిటికీ ఊచల బయట పెట్టినా కిక్కురుమనేది కాదు. ఒకనాటి సాయంత్రం ప్రభావతి ఫోన్ పట్టుకొని మెట్లెక్కింది. వాళ్ళది మొదటి అంతస్తు, అపార్ట్‌మెంట్ మూడు అంతస్తులు, లిఫ్టు లేదు. డాబా మీద ఈశాన్యం మూలన, తులసి కుండీ పక్కన, రెండు గీతలు కనిపించాయి.

అప్పటికే అక్కడ మనుషులున్నారు. నైరుతిలో నీళ్ళ ట్యాంకు దగ్గర రేణుక నిలబడి ఫోన్ మాట్లాడుతోంది. రెండో అంతస్తు, స్కూల్లో టీచరు, గగన్ కంపెనీ సిమ్. వాయవ్యంలో డిష్ గొడుగుల మధ్య శ్రీదివ్య. కొత్తగా పెళ్ళయి వచ్చి మూడో అంతస్తులో ఉంటూ ఇంటి నుంచే కంప్యూటర్ పని చేసుకునే పిల్ల. ఆమెదీ గగనే గానీ ఆ ఫోన్‌కు ఎందుకో వాయవ్యమే పడింది. వీళ్ళు గాక అనసూయమ్మ అనే పెద్దావిడ. ఆమెకు ఫోనే లేదు. వడియాలు ఆరబెట్టడానికి వచ్చి కూర్చునేది. వడియాల కాలం పోయినా వస్తూనే ఉంది.

మొదట్లో ఎవరి కంపెనీ మూల వాళ్ళది. ఫోన్ అయ్యాక ఈ మూల నుంచి ఆ మూలకు కేకలేసి పలకరించుకునేవారు. కేకలేస్తే కింద మొగుళ్ళకు వినిపిస్తుందని తలా ఒక ప్లాస్టిక్ కుర్చీ పైకి తెచ్చి నడుమ వేసుకున్నారు. ఆ నడుమ భాగంలో ఏ కంపెనీ సిగ్నలూ రాదు. ఆ సంగతి మొదటి రోజే అందరికీ తెలిసింది. ఎవరూ కుర్చీ జరపలేదు.

అలా రోజూ సాయంత్రం ఐదైతే ప్రభావతి "సిగ్నల్ కోసం పోయొస్త" అని చెప్పి పైకి పోయేది. అక్కతో నాలుగు మాటలు మాట్లాడి కుర్చీలోకి వచ్చేది. ఏం మాట్లాడుకునేవారు అంటే, ఏమీ లేదు. రేణుక స్కూల్లో పిల్లల సంగతులు చెప్పేది. శ్రీదివ్య తన అత్తగారు ఫోన్‌లో ఎలా దగ్గుతుందో చేసి చూపించేది. పక్క హాస్టల్ కిటికీల్లోంచి పిల్లలు పైకి చదువుకునే చదువు రోజూ చెవిన పడి, అనసూయమ్మకు ప్రాథమిక హక్కులన్నీ వరసగా వచ్చేశాయి. ప్రభావతి అయితే జగన్మోహన్‌ను అనుకరించేది. గొంతు లావు చేసి, కళ్ళజోడు ముక్కు కొసకు దించినట్టు చూస్తూ, "ప్రభా, ఈ చింతపండుకు ఇంకో రెండు కొటేషన్లు లేవా?" అనేది. అందరూ పొట్ట పట్టుకొని నవ్వేవారు. ఆ గంట గడిస్తే కిందికి దిగి, పప్పుకు ఎన్ని విజిల్సో ఓపిగ్గా జవాబు చెప్పేది. ఆ గంట లేకపోతే చెప్పగలిగేది కాదు.

ఇలా సాఫీగా పోతుండగా ఒకనాడు జగన్మోహన్ ఆమె మెట్లెక్కడం చూశాడు. ఒక్కో మెట్టుకూ మోకాలి మీద చెయ్యి పెట్టుకొని ఎక్కుతోంది. ఆయన మనసు కరిగిపోయింది. ఆయన మనసు కరిగితే వచ్చేది మూడింటినీ పక్కపక్కన రాసే కంపారిటివ్ స్టేట్‌మెంటే.

"ప్రభా, ఇగ నువ్వు మెట్లెక్కే పని లేదు," అన్నాడు ఆ రాత్రి అన్నం దగ్గర. "సిగ్నల్ ఇంట్లకే తెప్పిస్త."

ప్రభావతి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఎందుకండి ఇదంత? నాకు అలవాటయింది."

"అలవాటేంది? మోకాళ్ళు అరిగిపోతున్నయి నీకు. తరంగ్, గగన్, సేతు, మూడింటిని తీసుకుంట. ఏది మంచిగుంటే అది."

మర్నాటి నుంచి ఇల్లు ప్రయోగశాల అయింది. కింద వాచ్‌మన్ రాజేశం దగ్గర గగన్ ఫోన్ అడిగి తెచ్చాడు. మూడు ఫోన్లూ ట్రేలో పెట్టుకొని, టీ కప్పులు మోస్తున్నట్టు గది గదికీ తిరిగాడు. ఒక దాని నుంచి ఇంకో దానికి చేసి, రెండూ రెండు చెవులకు పెట్టుకొని, "హలో, వంటింట్ల ఉన్న, వినిపిస్తున్నదా?" అని తనను తానే అడిగాడు. "వినిపిస్తున్నది," అని తానే జవాబు చెప్పుకున్నాడు. స్నానాల గదిలో తలుపు వేసి చూశాడు, తీసి చూశాడు. మంచం కింద దూరి చూశాడు. "మంచం కింద నేనెందుకు మాట్లాడుత?" అని ప్రభావతి అడిగితే, టెస్టు అన్నాక పూర్తిగా చెయ్యాలన్నాడు.

ఫోన్ కూడా మార్చాలనుకున్నాడు. నారాయణగూడలో మూడు దుకాణాలకు ఆమెను వెంటబెట్టుకొని పోయాడు. బ్యాటరీ పెద్దదైతే బరువెంత? ఈ ఫోన్ ఇంట్లో వైఫై మీద కాల్ పట్టుకుంటుందా? ఫైవ్‌జీ ఫోన్ కొంటే గోడల మధ్య ఫోర్‌జీ కంటే మంచిగా వినిపిస్తుందని రాసిస్తారా? మొదటి దుకాణం కుర్రాడు చెప్పగలిగినంతవరకు చెప్పి, మంచినీళ్ళు తాగొస్తానని పోయి మళ్ళీ రాలేదు. రెండో దుకాణంలో ఇద్దరికి ఒకేసారి భోజనం వేళయింది. మూడో దుకాణం యజమాని ఆయన మొహం చూడగానే "మీరు పోయినసారి మిక్సీకి కూడ వచ్చిండ్రు కద సార్" అని చేతులు జోడించాడు. ప్రభావతికి ఆ దుకాణాల వాళ్ళ మీద తోబుట్టువు మమకారం పుట్టుకొచ్చింది. చివరికి ఫోన్ సంగతి తర్వాత, ముందు సిమ్ అని తేల్చాడు.

తేల్చింది సేతు కంపెనీకి. ఆమె నంబరు అదే ఉంటుంది, కంపెనీ మారుతుంది. కాచిగూడ అక్కకు కూడా తేడా తెలియదు. ఒకసారి మారితే మూడు నెలల దాకా వెనక్కి రావడం కుదరదు. ఇక పైకి పోతానంటే, "ఇంట్లనే వస్తుంది కద" అనే మాట మూడు నెలలూ సిద్ధంగా ఉంటుంది.

అయితే ఈ కంపెనీ మార్పుకు ఒక తిరకాసు ఉంది. మారుతున్నామని మెసేజ్ పంపాలి. ఆ మెసేజ్ మారే నంబరు నుంచే పోవాలి. అంటే తరంగ్ సిగ్నల్ రావట్లేదని తరంగ్‌ను వదిలేయాలన్నా, ముందు తరంగ్ సిగ్నల్ దొరకాలి. అది దొరికేది డాబా మీద, ఈశాన్యం మూలన.

జగన్మోహన్ మెసేజ్ తానే టైపు చేసి, కళ్ళజోడు తీసి తుడుచుకొని, మళ్ళీ చదివి, ఫోన్ ఆమె చేతికిచ్చాడు. "నీకు ఇదే ఆఖరుసారి మెట్లెక్కుడు. పైకి పోయి ఈ బాణం గుర్తు మీద ఒత్తు, సరిపోతది. కోడ్ వస్తది. అది తీస్కొని వస్తే రేపే సేతు వాళ్ళకిచ్చేస్త."

పైన ముగ్గురికీ ఫోన్ చూపించింది ప్రభావతి.

"అక్కా, మీ ఒక్కరితోని అయిపోదు ఇది," అంది రేణుక. "సార్ ఆ స్టేట్‌మెంట్‌ను అపార్ట్‌మెంట్ గ్రూపుల పెడతరు. మా ఆయన చూస్తడు."

"ఆల్రెడీ పెట్టిండు ఆంటీ, మా ఆయన చూసిండు," అంది శ్రీదివ్య దిగులుగా. "అంకుల్ మస్తు రీసెర్చ్ చేసిండు, మనం కూడ మారుదామంటున్నడు."

అంటే ఒక్కొక్కరి ఇంట్లోకీ సిగ్నల్ వచ్చేస్తుంది. ఒక్కొక్క కుర్చీ కిందికి దిగిపోతుంది. అనసూయమ్మ ఒక్కతే ఆకాశం చూస్తూ కూర్చుంటుంది.

అనసూయమ్మ గొంతు సవరించుకుంది. "శాంతంగ ఒక కాడ కూడుకునే హక్కు మనకున్నది బిడ్డా. ఆర్టికల్ పందొమ్మిది. పొద్దున్నే ఆ పిలగాడు పదిసార్లు చదివిండు. ఒత్తకు."

ప్రభావతి ఒత్తలేదు. మెసేజ్ అక్షరం అక్షరంగా చెరిపేసి కిందికి వచ్చి, "పోలేదండి. గుండ్రంగ తిరుగుతున్నది," అంది.

మొగుడికి అబద్ధం చెప్పడం అంత తేలికని ఆమెకు అప్పటిదాకా తెలియదు. రెండో రోజు "ఫెయిల్ అని వచ్చింది" అంది. మూడో రోజు "సగం పోయి ఆగింది" అంది. మెసేజ్ సగం పోవడం ఎలాగో ఆమెకూ తెలియదు. జగన్మోహన్ మాత్రం నమ్మాడు. ఆ నమ్మడం చూస్తే ఆమెకు కష్టమనిపించింది. పైగా ఆయన తరంగ్ కంపెనీకి ఫోన్ చేసి, గంటసేపు సంగీతం విని, "ఒక ఇంటి ఇల్లాలు రోజూ మెట్లెక్కి మీకు మెసేజ్ పంపుతుంటే మీకు మనసెట్లొప్పుతున్నదమ్మా?" అని అవతలి అమ్మాయిని నిలదీశాడు. ఆ అమ్మాయి క్షమాపణ చెప్పింది. పక్క గదిలో బట్టలు మడతపెడుతూ ప్రభావతి తలదించుకుంది. రాత్రి ఆయన నూనె వెచ్చచేసి తెచ్చి, "మోకాళ్ళకు రాసుకో. ఇంకొన్ని దినాలే," అన్నాడు.

దానితో ఆమె తేల్చుకుంది. మరుసటి రోజు మెసేజ్ నిజంగానే పంపేస్తానని, డాబా సంగతి దేవుడే చూసుకుంటాడని అనుకుంది. సాయంత్రం పోపు వేస్తూ అదే ఆలోచన. స్టవ్ బంద్ చేసింది, చెయ్యి తుడుచుకుంది, చెప్పులేసుకొని మెట్లెక్కింది. ఈ ఒక్క పూట కడుపారా నవ్వుకొని, లేచేముందు ఒత్తేద్దామనుకుంది.

అందుకేనేమో ఆ పూట ఆమెకు పూనకం వచ్చింది. కుర్చీలోంచి లేచి నిలబడి, కొంగు భుజం మీద శాలువాలా వేసుకొని, రెండు చెవులకు రెండు చెప్పులు పెట్టుకుంది. "హలో, మంచం కింద ఉన్న, వినిపిస్తున్నదా? వినిపిస్తున్నది. ఎవరు మాట్లాడేది? నేనే. నేనంటే ఎవరు? మూడు కొటేషన్లు తెచ్చుకో, చెప్త!" రేణుక కళ్ళ నీళ్ళు తుడుచుకుంటోంది. శ్రీదివ్య కుర్చీలో ముందుకు పడి నవ్వుతోంది. ప్రభావతి తనూ తల వెనక్కి వాల్చి నవ్వింది. నవ్వి, చూస్తే, అనసూయమ్మ నవ్వడం లేదు. మెట్ల తలుపు వైపు చూస్తోంది.

అక్కడ జగన్మోహన్ నిలబడి ఉన్నాడు. ఒక చెయ్యి గోడ మీద ఉంది, ఇంకో చేతిలో ప్రభావతి ఫోన్ ఉంది. మెట్లెక్కి వచ్చి ఆయాసపడుతున్నాడు.

సిగ్నల్ కోసం పైకి వచ్చిన మనిషి ఫోన్ వంటింటి గట్టు మీదే మర్చిపోయి వచ్చింది.

ప్రభావతి చెవుల దగ్గరి చెప్పులు మెల్లగా కిందికి దించింది. జగన్మోహన్ నడుచుకుంటూ వచ్చాడు. నడుస్తూ అలవాటు కొద్దీ ఫోన్ కేసి చూసుకున్నాడు. కుర్చీల దగ్గరికి వచ్చాక ఇంకోసారి చూశాడు. ఫోన్ పైకెత్తి చూశాడు, కిందికి దించి చూశాడు. ఆ తర్వాత నాలుగు కుర్చీలనూ చూశాడు.

"ఫోన్ మర్చిపోయినవు," అని ఆమె చేతిలో పెట్టి, వచ్చిన దారినే దిగిపోయాడు.

ప్రభావతి కిందికి వచ్చేసరికి ఆయన హాల్లో కూర్చొని ఉన్నాడు. టీవీ నడుస్తోంది గానీ గొంతు లేదు. వంటింట్లోని స్టూలు ఖాళీగా ఉంది. ఆమె రెండు కప్పుల చాయ్ పెట్టుకొచ్చి ఎదురుగా కూర్చుంది. చాలాసేపు ఇద్దరూ చాయ్ తాగలేదు.

"మూడు చోట్ల చూసిన," అన్నాడు చివరికి. "మెట్ల తలుపు కాడ ఒక గీత ఉండె. కుండీ దిక్కుకు తిప్పితే రెండు. మీ కుర్చీల కాడ ఒక్కటి కూడ లేదు."

ప్రభావతి తన కప్పు కింద పెట్టింది.

"మెసేజ్ కూడ నువ్వు పంపనే లేదు కద?"

"లేదు."

"నేను అంత పరేషాన్ చేస్తున్ననా ప్రభా?"

ఇంకో అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మోకాళ్ళకు రాసిన నూనె వాసన ఇంకా పోలేదు. అబద్ధం చెప్పలేకపోయింది. "చేస్తున్నరు," అంది. "పొద్దుగాల లేస్తే మళ్ళ పండుకునేదాంక మీరే. వంటింట్ల మీరే, హాల్ల మీరే. మీరంటే నాకు కోపం లేదు. మీరు మంచిగ చూసుకుంటరు, నాకు తెల్వదా? కని ఊపిరాడుతలేదండి. దినాం ఒక్క గంట నా మానాన నన్ను ఉండనియ్యుండ్రి. ఇంకేం అడగ."

ఆయన తలూపాడు. ఆఫీసులో పైవాళ్ళు ఫైలు తిప్పి పంపినప్పుడు కూడా అలాగే తలూపేవాడేమో, ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ఆఫీసుల గట్ల కాకపోతుండె," అన్నాడు. "ఇది ఎందుకు, అది ఎందుకు కాదు అని నేను అడిగితేనే పని నడిచేది. పొద్దంత ఫోన్లే. సార్ ఇదెట్ల, సార్ అదెట్ల అని. అన్నం తినే పుర్సత్ లేకుండె." జేబులోంచి తన ఫోన్ తీసి చాయ్ కప్పు పక్కన పెట్టాడు. "ఇప్పుడు చూడు. నిండ సిగ్నలే. చేసేటోళ్ళే లేరు."

ప్రభావతి చూసింది. గీతలన్నీ ఉన్నాయి.

"పోయిన వారం ఒకామె చేసింది. కంపెనీ ఆమె. కాలర్ ట్యూన్ పెట్టుకుంటరా సార్ అని. మూడు రకాలు వినిపించమన్న." కాస్త ఆగాడు. "ఫోన్ పెట్టేసింది."

ప్రభావతికి నవ్వు రాబోయి, దాని వెనకాలే ఏడుపు వచ్చింది. ఇన్నాళ్ళూ ఆయన తన వెంట తిరుగుతున్నాడనే అనుకుంది గానీ, ఆయనకు తిరగడానికి ఇంకెవరూ లేరని అనుకోలేదు. కొంగుతో కళ్ళొత్తుకుంది. ఆయన చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగేసి లేచాడు.

"ఈ ఫైలు క్లోజ్ చేస్తున్న," అన్నాడు. "తరంగే ఉండనీ. కారణాలు రాయాల్సిన పని లేదు." గది గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాడు. "నా లెక్క మంచిగనే చేస్తున్నవు. గొంతు ఇంకా జర లావుండాలె."

మరునాడు వంటింట్లోకి స్టూలు రాలేదు. పప్పుకు ఎన్ని విజిల్సో ఎవరూ అడగలేదు. ప్రభావతి మూడు లెక్కపెట్టి, నాలుగోది కూడా రానిచ్చింది. పప్పు మెత్తగానే ఉంది. ఆ మాట చెబుదామని హాల్లోకి తొంగిచూస్తే ఆయన పేపర్ చదువుతున్నాడు. అదే పేజీ పొద్దున్నుంచీ చదువుతున్నాడు.

సాయంత్రం ఐదైనా ఆమె కదలలేదు. ఆయనే పేపర్ దించి, "పోవా పైకి? సిగ్నల్ పోతది మళ్ళ," అన్నాడు.

"పోతున్న," అని ఆమె ఈసారి ఫోన్ తీసుకొనే పోయింది.

డాబా మీద ముగ్గురూ లేచి నిలబడ్డారు. సార్ ఏమన్నారు, గొడవైందా, కుర్చీలు తీసెయ్యాలా అని ఒకేసారి అడిగారు. "ఏం కాలే, కూసోండ్రి," అంది ప్రభావతి. తను మాత్రం కూర్చోలేదు. ఈశాన్యం మూలకు పోయి, కుండీ పక్కన నిలబడి, రెండు గీతలు వచ్చేదాకా ఫోన్ పట్టుకొని ఆగింది. నంబరు కోసం వెతికితే కిందెక్కడో ఉంది. ఇంట్లో ఉండే మనిషికి ఎవరు ఫోన్ చేస్తారు?

మొదటి రింగుకే ఎత్తాడు. "ఏమైంది? పడ్డవా?"

"పడలేదు."

"ట్యాంకు నిండిందా? మోటర్ బంద్ చెయ్యాల్నా?"

"అది కాదు."

"మరి ఏం పని?"

"ఏం పని లేదు. ఊరికెనే చేసిన."

అవతల నుంచి మాట లేదు. సిగ్నల్ పోయిందేమోనని ఆమె ఫోన్ చెవి నుంచి తీసి చూసింది. గీతలు రెండూ ఉన్నాయి. మళ్ళీ చెవికి పెట్టుకుంది.

"హలో? వినిపిస్తున్నదా?"

"వినిపిస్తున్నది." గొంతు ఎప్పటిలా లేదు. "ఊరికెనేనా?"

"ఊరికెనే. ఇయ్యాల పప్పుకు నాలుగు విజిల్స్ పెట్టిన."

"నాలుగా!" అన్నాడు జగన్మోహన్. వెంటనే, "జర లైన్ల ఉండు ప్రభా, పెట్టెయ్యకు. టీవీ బంద్ చేసొస్త," అన్నాడు.

కుర్చీల్లోంచి రేణుక ఎవరని చేత్తో సైగ చేసింది. ప్రభావతి ఆగమన్నట్టు చెయ్యి చూపించి, పిట్టగోడకు ఆనుకొని నిలబడింది.